పాపిట

కదలకు.
దువ్వెన తోక నీ నడినెత్తి మీదుంది.
ఈ ఒక్క గీత వంకర పోయిందంటే
దీని వెనక పదకొండూ వంకర పోతాయి.

మెంఫిస్‌లో ఆగస్టు, ఆదివారం రాత్రి.
నది మీంచి వచ్చే గాలికి కూడా చెమట.
వంటింటి కుర్చీలో నేను,
నా మోకాళ్ళ మధ్య నేల మీద ఇమారి,
దాని ఒళ్ళో పేగులు బయటపడ్డ సబ్బు డబ్బా.
చెయ్యి చాపితే తనంతట తానే నురగ కక్కే రకం.
పాత సామాన్ల కొట్లో నాలుగు డాలర్లట.

మా పేట బడిలో ఫిజిక్స్ లేదు.
ఉండేది. చెప్పే ఆయన వెళ్ళిపోయాక
ఆ గదిలో విరిగిన బల్లలు పడేశారు.
అందుకని వారానికి మూడు రోజులు
రెండు బస్సులు మారి ఊరి తూర్పు కొసకి పోతుంది పిల్ల.
అక్కడి ల్యాబు కళ్ళద్దాల పట్టీ దీని జుట్టు మీంచి దిగదు.
“అల్లించుకుని వస్తే బాగుంటుందేమో” అందట టీచరు, మంచిగానే.
అందుకే మాకీ జాగారం.

శుక్రవారం అక్కడ చేతులు కడుక్కోబోతే
డబ్బా పలకలేదు.
చెయ్యి పెట్టింది, తిరగేసి పెట్టింది,
పక్క పిల్ల రాగానే బుస్సున నురగ.
ఇది మళ్ళీ పెట్టింది. ఊహూఁ.
అప్పుడు తెల్ల కాగితం తువాలు చేతి మీద కప్పుకుని పెట్టిందట.
కాగితానికి దొరికింది సబ్బు.

నాకైతే తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి.
చర్చి టోపీ పెట్టుకుని మా అమ్మ గోడ మీంచి చూస్తోందని మింగాను.
“పగ కాదత్తా” అంటుందిది,
స్క్రూడ్రైవర్ పళ్ళ మధ్య కరిచిపట్టుకుని,
“అంకె.
కంటికి కనపడని వెలుగు పంపుతుంది,
తిరిగొచ్చింది ఎంతో కొలుస్తుంది.
ఇంతకన్నా తగ్గితే చెయ్యి లేనట్టే లెక్క.
ఆ ‘ఇంత’ని ఎవరో వేశారు.”

ఎవరో.
తన చెయ్యే పెట్టి చూసుకుని ఉంటాడు,
పక్క బల్ల వాడిది కూడా కాబోలు.
పని చేసింది. సంతకం పెట్టి భోజనానికి పోయాడు.
మనం లెక్కలో లేమని వాడికి తెలీను కూడా తెలీదు.
తెలిసి చేసినవాణ్ణయితే ఒక మాటైనా అనొచ్చు.

నాకూ వేశాడు ఒకాయన ఒక అంకె.
పదో తరగతి. మిస్టర్ ప్రూవిట్, నీలం టై.
నా కెమిస్ట్రీ మార్కుల కాగితం చేతిలో పట్టుకునే
“వెర్నెటా, నీ వేళ్ళు చురుకు, జుట్టు పని నేర్చుకో” అన్నాడు.
నేర్చుకున్నాను.
చిన్న పనని నేననను.
ఈ వేళ్ళే ఇంటి అప్పు తీర్చాయి,
వీటికి తెలిసిన కోణాలు ఆయన స్కేలుకి తెలీవు.
కానీ ఆ కాగితం తిరిగివ్వలేదాయన.
ఇరవై తొమ్మిదేళ్ళయింది.
తొంభై నాలుగు మార్కులు.

“అత్తా, నీ చెయ్యి పెట్టు.”
పెట్టాను, నూనె చెయ్యి.
ఏమీ లేదు.
మరని గోరంత తిప్పింది. ఏమీ లేదు.
ఇంకో గోరంత.
నా అరచేతిలో చల్లగా,
పసిపిల్ల మూతి మీదున్నంత నురగ.

ఎందుకో చాలాసేపు ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

ఇంతలో మా ఆయన ఫ్రిజ్ తలుపు తీశాడు. దానికీ సబ్బు.
పిల్లి పోయింది. సబ్బు.
కిటికీ మీద ఏదో కారు లైటు పడింది. దానికీ.
నేలంతా నురగ, ఇది పడీ పడీ నవ్వడం,
నవ్వుతూనే నోట్‌బుక్‌లో రాసుకోవడం:
ఉన్నవాళ్ళందరినీ చూడాలి, లేనిదాన్ని చూడకూడదు.
కింద గీత కొట్టి, పక్కన ప్రశ్న గుర్తు.

ఇటు సగం తల ఆరు వరసలు తిన్నగా,
అటు సగం ఇంకా మబ్బు.
వైర్ల చిక్కుని చివర్నుంచి విప్పుతోందది.
మొదట్నుంచి లాగితే తెగుతుందని
దీనికి నేనెప్పుడూ చెప్పలేదు.
నా వేళ్ళ కింద కూచుని నేర్చుకుంది.

పొద్దున బస్సు ఆరుంబావుకి.
కదలకు అన్నానా.